పీపాకి నలుగు

మందు వాసనకే మొహం తిప్పుకునే మనిషి విస్కీ ప్రియుడికి కానుక చేస్తానని పూనుకోవడంలోనే సగం తెలివితక్కువతనం ఉంది. మిగతా సగం నేను స్వయంగా సమకూర్చుకున్నాను.

ఆబర్డీన్‌లో మా ఆఫీసు పెద్దాయన ఒకాయన రిటైరవుతున్నాడు. వయసంతా ఉత్తర సముద్రంలో చమురు బావుల మీద గడిపి, చివరి కొన్నేళ్లు నా పక్క బల్ల దగ్గరకు చేరిన స్కాటిష్ మనిషి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క చుక్క తాగకుండా పావుగంట కూర్చోగలడు. ఏ పీపాలో పెట్టారు, ఎన్నేళ్లు పెట్టారు అన్న చర్చ సోమవారం పొద్దున్నే మొదలయ్యేది. అందరం చందా వేసుకుని మంచి సీసా ఒకటి కొనిద్దామన్నారు. సీసా కొంటే అందులో మన గొప్పేముంటుంది? "పాత విస్కీ పీపా చెక్కతో నా చేత్తో ట్రే చేసిస్తాను" అన్నాను. గదిలో వాళ్లంతా మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు కోసమే అన్నాను, ఇప్పుడు దాచుకునేదేముంది.

ఈ పిచ్చి నాకు క్రెయిగెల్లాకీలో అంటుకుంది. స్పే నది పక్కన చిన్న ఊరు. 1947 నుంచి పీపాలు బిగిస్తున్న స్పేసైడ్ కూపరేజ్ అక్కడే ఉంది. పైనుంచి చూడ్డానికి గ్యాలరీ కట్టారు. కింద పనివాళ్లు ఒక్క మేకు కొట్టకుండా, జిగురు చుక్క రాయకుండా, పలకల్ని గుండ్రంగా నిలబెట్టి ఇనుప కట్లు దిగ్గొడుతుంటే నోరు తెరుచుకుని చూశాను. సందుల్లో ఎండిన తుంగ పోచ దూర్చి బిగిస్తారంతే. లోపల పోసిన ద్రవానికి చెక్క ఉబ్బి తనంతట తనే బిగుసుకుంటుంది. ఈ పని నేర్వడానికి నాలుగేళ్లు శిష్యరికం చేయాలట. అది విన్నాక కూడా, యూట్యూబ్ చూసి వడ్రంగం నేర్చిన నాకు జంకు పుట్టలేదు.

అక్కడ చూసిన ఇంకో సంగతే నా కొంప ముంచింది. ముసలి పీపా ఒకదాన్ని మరతో లోపలంతా గోకి, నల్లటి పొరను రాల్చేస్తున్నారు. అది మాత్రం బుర్రలో బాగా నాటుకుంది. తర్వాత అదే పీపా లోపల మంట పెట్టి మళ్లీ బొగ్గయ్యేలా కాల్చారు. అప్పటికి నేను ఫోన్‌లో ఫొటోలు సరిచూసుకుంటున్నాను.

ఆ బొగ్గులో ఉన్నదేమిటో తర్వాత తెలిసింది. బట్టీ నుంచి దిగిన కొత్త సారా నీళ్లలా తెల్లగా ఉంటుంది. దానికి రంగొచ్చేదీ, రుచిలో పెద్ద వాటా వచ్చేదీ ఓక్ పీపా వల్లనే. స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం మూడేళ్లు అందులో మగ్గాలని చట్టం. చెక్కను కాల్చినప్పుడు అందులోని లిగ్నిన్ విడిపోయి వెనిలా వాసననిచ్చే పదార్థం పుడుతుంది, చక్కెరలు మాడి బొగ్గు కింద ఎర్రటి పొర కడతాయి, పైనున్న బొగ్గేమో ఘాటును పీల్చుకుంటుంది. అమెరికాలో బర్బన్ చేసేవాళ్లు కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలి, అదక్కడి చట్టం. కాబట్టి ఒకసారి వాడేసిన పీపాలు ఓడెక్కి స్కాట్లండు వచ్చి, ఇక్కడ రెండోసారి, మూడోసారి నిండి, దశాబ్దాలు కాపురం చేస్తాయి. ఇక పనికిరావనుకున్నాక పూలతొట్లుగానో బెంచీలుగానో మారతాయి. లేకపోతే నాలాంటి వాడి పాలబడతాయి.

పాత పీపాలు విప్పి అమ్మే ఒకతని దగ్గర ఒక మూత, కొన్ని పలకలు కొన్నాను. పలక మూడడుగుల పొడవుంటుంది, అంగుళం మందం. మధ్యలో వెడల్పు, చివర్లకు సన్నం, పైగా విల్లులా వంపు. ఎక్కడా తిన్నని గీత ఉండదు, ఏ క్లాంపూ దాన్ని పట్టుకోదు. మూత రెండడుగులకు కాస్త తక్కువ. అయిదారు చెక్కల్ని చెక్క సీలలతో కూర్చిన గుండ్రటి బల్ల. లోపలి వైపు మొసలి వీపులా పగుళ్లిచ్చిన బొగ్గు. బయటి వైపు తెల్ల రంగుతో అచ్చేసిన డిస్టిలరీ పేరు, పీపా నంబరు, నింపిన సంవత్సరం.

ఆ రెండు వైపులా చూసి నాకు తోచిందేమిటంటే, ఎంత మురికిగా ఉందో అని.

మన ఇళ్లలో కానుక అంటే కొత్తది. బట్ట పెడితే మడత నలగకూడదు, గిన్నె ఇస్తే మసి ఉండకూడదు. పెద్దమనిషి చేతిలో మాడిన చెక్క పెట్టడమేమిటని, పైగా ఎవరో రాసిన పాత పేరూ అంకెలూ దాని మీద ఉండటమేమిటని, శాండర్ ఆన్ చేశాను. బొగ్గు అంత తేలిగ్గా లొంగదు. కాగితం మీద కాగితం పూడుకుపోయింది. షెడ్డంతా నల్లధూళి, దానిలోంచి తియ్యటి వాసన ఒకటి. "మళ్లీ కేకు మాడ్చావా?" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. పండగపూట పిల్లాడికి నలుగు పెట్టినట్టు ఆ చెక్కను అటు తిప్పి ఇటు తిప్పి రుద్దాను. ముందు బొగ్గు పోయింది. తర్వాత ఎర్రపొర పోయింది. ఆ పైన రెండో వైపు తిప్పి పేరు, నంబరు, సంవత్సరం ఒక్కొక్కటిగా చెరిపేశాను. సంవత్సరంలో చివరి అంకె మొండికేస్తే దానికోసం ప్రత్యేకంగా గరుకు కాగితం తెచ్చాను.

ఇంకా ఎక్కడో మసి మిగిలిందనిపించి నీళ్లు పోసి, గిన్నెలు తోమే ఇనుప పీచుతో తోమాను. పొద్దున లేచి చూస్తే చెక్క నిండా నీలి నలుపు మచ్చలు.

ఇక్కడ నన్ను క్షమించడానికి దారే లేదు. ఎందుకంటే మాది పెడన. మా నాన్న జీవితమంతా కలంకారీ అద్దకంలోనే. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి మురగబెట్టిన నీళ్లను అచ్చుతో అద్దితే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నలుపు తేలడం నేను పాకడం నేర్చినప్పటి నుంచీ చూస్తున్నదే. ఓక్ చెక్క నిండా ఉన్నది ఆ వగరే. ఇనుప కట్లున్న చోటల్లా పలకల మీద నల్లటి చారలు పడి ఉన్నాయి కూడా. అవి చూసీ నాకు వెలగలేదు. ఫోన్ చేశాను.

"ఇనుప పీచుతో తోమావా? నీళ్లు కూడా పోశావా?" అన్నాడు నాన్న.

"పోశాను."

"అద్దకం చేశావన్నమాట. నలుపు బాగా ఎక్కిందా?"

"బాగానే ఎక్కింది నాన్నా."

"ఇక్కడుండి నేర్చుకోరా అంటే ఇంగ్లండు పోతానన్నావు."

స్కాట్లండు అని సరిదిద్దే ముఖం లేక ఊరుకున్నాను. నిమ్మకాయ రుద్ది చూడమన్నాడు. నేను అక్కడితో ఆగే రకమా? ఆక్సాలిక్ ఆమ్లం కొనుక్కొచ్చి కడిగాను. మచ్చలు పోయాయి. వాటితోపాటు చెక్కలో మిగిలిన కాస్త రంగూ పోయి, జబ్బుపడి లేచినట్టు పాలిపోయింది. దాన్ని చూడలేక టేకు రంగు పూశాను. మా ఇంట్లో చెక్క అంటే టేకే, అద్దకం అచ్చులు కూడా టేకువే. పైన రెండు పూతలు వార్నిష్. ముఖం చూసుకోవచ్చు. పలకల చివర్లు కోసేసి, మధ్య ముక్కలతో పిడులు పెట్టాను. ఇక గ్లాసులు కుదురుగా కూర్చోడానికి గుంటలు. ఇలాంటి ప్రియులు వాడేది గ్లెన్‌కెయిర్న్ అనే గ్లాసనీ, అది మొగ్గ ఆకారంలో ఉండి అడుగున సన్నగా ఉంటుందనీ తెలుసుకోకుండా, మా వంటింటి స్టీలు గ్లాసు అడుగు కొలిచి గుంటలు తీశాను.

వీడ్కోలు రోజున కాగితం విప్పగానే అకౌంట్స్‌లో ఒకమ్మాయి "ఎంత బాగుంది, టేకా?" అంది. నిజం చెబుతున్నాను, సంతోషించాను.

పెద్దాయన ట్రేని తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు. దేనికోసమో వెతుకుతున్నాడు.

"పీపా చెక్కే. మూత" అన్నాను గర్వంగా.

"ఏ డిస్టిలరీ?"

"పేరుండేది. శుభ్రంగా తీసేశాను."

"ఏ సంవత్సరం?"

"అదీ తీసేశాను."

ఆయన కాసేపు ఆగి, "మరి లోపలి బొగ్గు?" అన్నాడు. నేను జవాబు చెప్పకముందే "థాంక్యూ, చాలా కష్టపడ్డావు" అని భుజం తట్టాడు. కష్టపడ్డ మాట మాత్రం వాస్తవం. ఆయన గ్లాసు తెచ్చి గుంటలో పెట్టి చూశాడు. అది ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

అంతయ్యాకైనా బుద్ధి రావాలి కదా. మిగిలిన పలక ఒకదాన్ని అదే తీరున రుద్ది, గుంటలు చేసి, కార్తీకంలో ఊరెళుతూ అమ్మకు దీపాల పీటని పట్టుకెళ్లాను. మా అమ్మకు మందు సీసా ఖాళీదైనా గడప దాటకూడదు. ఇది సీమచెక్క అని మాత్రం చెప్పాను. మురిసిపోయి తులసికోట ముందు పెట్టి, ఇత్తడి ప్రమిదలు వరసగా వెలిగించింది. ఇంత రుద్దాక ఇక వాసనేం ఉంటుందన్నది నా ధీమా. కానీ సెగ తగిలేసరికి చెక్క లోతుల్లో ఇంకింది మెల్లగా పైకొచ్చింది. ప్రసాదం కోసం వచ్చిన మా బాబాయి పీట దగ్గర అవసరానికి మించి వంగాడు.

"ఏం చెక్కరా అబ్బాయ్ ఇది?"

"ఓక్ బాబాయ్. విదేశీ చెక్క."

"విదేశీయే. తెలుస్తూనే ఉంది" అని కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఆ నెలంతా మా ఇంట్లో సంధ్యదీపానికి ఆయన తప్పకుండా వచ్చాడట. మరిదిలో ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని అమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతోంది. నేను నోరు విప్పలేదు.

తిరిగొచ్చాక ఒక శనివారం పెద్దాయన మా ఇంటికొచ్చాడు. షెడ్డు చూస్తానన్నాడు. మూల చెత్తబుట్టలో నేను కోసి పారేసిన పలకల చివర్లున్నాయి. అందులోంచి జానెడు ముక్క ఒకటి తీశాడు. ఒక వైపు బొగ్గు చెక్కుచెదరకుండా ఉంది. చివర మూత కూర్చునే గాడి, వెనక ఇనుప కట్టు వదిలిన నల్లచార. కోసిన అంచున బొగ్గు కింద ఆ ఎర్రపొర, దాని కింద సారా ఎంత లోతుకు ఇంకిందో చెప్పే గీత. గోటితో ఆ గీతను చూపించి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను చూస్తున్నానన్న సంగతే మర్చిపోయాడు.

"ఇది తీసుకోనా?" అన్నాడు.

"అయ్యో, అలాగే ఎలా ఇస్తానండీ, దుమ్ముగా ఉంది" అంటూ ఆయన చేతిలోంచి తీసుకుని, అలవాటు కొద్దీ తడిగుడ్డ అందుకున్నాను. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి అంత చురుగ్గా లాక్కుంటాడని నేననుకోలేదు.