రసవాదం... సర్వేవాదం!

ఇనుమును బంగారం చేసే విద్యతో రససిద్ధుడు అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు కట్టించాడని స్థలపురాణం. ఆ విద్య ఇప్పుడు ఫోన్‌లోకి దిగింది. ‘ఇంట్లో కూర్చొని సర్వేలు నింపండి, వేలు సంపాదించండి’ అని మెసేజ్! వయసు, జీతం, వాడే సబ్బు... పావుగంట ఆరా తీసి, చివర్లో ‘ఈ సర్వేకు మీరు అర్హులు కారు’ అంటారు. అర్హత లేనిది మనకే. మన ఫోన్ నంబరుకు బోలెడు అర్హత!

తర్వాతి మెట్టు టెలిగ్రామ్ గ్రూపు. ఎన్నడూ చూడని హోటల్‌కు ఐదు స్టార్లు ఇస్తే మొదట 150 రూపాయలు నిజంగానే పడతాయి. నమ్మకం కుదిరాక ‘ప్రీపెయిడ్ టాస్క్’. అంటే ముందు మనమే కట్టాలి. 5 వేలు తెరమీద 50 వేలవుతాయి. తీసుకోబోతే ‘ట్యాక్స్’ కట్టమంటారు. అలంపూర్ ఉన్న నడిగడ్డ ప్రాంతంలో విత్తన పత్తికి క్రాసింగ్ చేస్తే కూలి ఇస్తారు. ఇక్కడ పనిచేసినవాళ్లే ఎదురు కూలి కట్టాలి!

మోసపోయామని తెలిసిన మరుక్షణం సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అక్కడా ప్రశ్నలే: పేరు? బ్యాంకు? ఎంత పోయింది? విసుక్కోకుండా చెప్పండి. మీరు నూటికి నూరుపాళ్లూ అర్హులైన సర్వే అదొక్కటే.