ప్రార్థనలో పెట్టి చెప్తాం

కడప జిల్లా గండి దగ్గర పాపఘ్ని నది కొండనే కోసి దారి చేసుకుంది. ఆ చుట్టుపక్కల కేథలిక్కుల ఆర్‌సీఎం గుడికీ ప్రొటెస్టెంట్ల సీఎస్‌ఐ గుడికీ మధ్య గోడ మాత్రం చెక్కుచెదరలేదంటారు. సీఎస్‌ఐ వాళ్ల లెక్కలో ఆర్‌సీఎం వాళ్లు బొమ్మలకు మొక్కేవాళ్లు. ఆర్‌సీఎం వాళ్ల లెక్కలో వీళ్లు మరియమాతను కాదని పోయినవాళ్లు. 1517లో జర్మనీలో లూథరు పెట్టిన పంచాయితీకి పులివెందుల టీకొట్టు దగ్గర ఇంకా తీర్పు రాలేదు.

ఉత్తమాట. ఆ గోడకు తలుపుంది, తాళంచెవి పెళ్లిళ్ల పేరయ్య దగ్గరుంది.

ప్రొద్దుటూరులో సంబంధం మాట్లాడేచోట కాసేపు కూర్చోండి.

"మేం ఆర్‌సీఎం అన్నా."

"అట్లనా! మేం సీఎస్‌ఐ కదప్పా, ఎట్ల కుదురుతాది?"

కాఫీలొస్తాయి.

"ఇంతకీ మీరేమోళ్లు?"

"రెడ్లమే."

ఇంక చూడండి! జపమాల జేబులోకి పోతుంది, విగ్రహం అభ్యంతరం ఎగిరిపోతుంది, ఫాదరూ పాస్టరయ్యగారూ ఒకే పందిట్లో దీవిస్తారు. అదే, తమ గుళ్లోనే, తమ బెంచీ మీదే కూర్చుని ప్రభు భోజనం తీసుకునే మాల పిల్లోడు అడిగితే? "ప్రార్థనలో పెట్టి చెప్తాం." పునరుత్థాన దినం దాకా జవాబు రాదు.

ఈ కులం లెక్క మిషన్ల నాటిదే. లండన్ మిషన్ 1822లో కడపకొచ్చింది. జమ్మలమడుగు పల్లెల్లో దాని మాట విన్నది ఎక్కువగా మాలలు. అవతల ఒంగోలులో బాప్టిస్టు క్లౌ దొర వెంట నడిచింది ఎక్కువగా మాదిగలు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఊరు ముందే గీసిపెట్టిన గీతల మీదే సంఘాలు లేచాయి. ఇంగ్లండులో తరతరాలు కొట్టుకున్న శాఖలు 1947లో మద్రాసులో కలిసి సీఎస్‌ఐ అయ్యాయి. మాలవాడ, మాదిగవాడ కలిసే మహాసభ ఎప్పుడో మరి!

కేథలిక్కులేం తక్కువ తిన్నారు? జెస్విట్లు తెలుగు నేల మీద 1700ల మొదట్లోనే కాలుపెట్టారు. కడప మేత్రాసనంలో ఫాదరుగా పనిచేసిన పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. రోముకు తొందరుండదు. గీతలు గుడి లోపలా ఉన్నాయి: 2016 ఏప్రిల్‌లో కడప కేథలిక్ బిషప్‌ను ఎత్తుకుపోయి కొట్టినప్పుడు అరెస్టయినవాళ్లలో ఫాదర్లే ఉన్నారు. ఆ పని చేయించింది ప్రొటెస్టెంట్లు కాదని గమనించగలరు.

ఇక సర్కారువారి దైవశాస్త్రం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ముందు దాదాపు హిందువులకే చోటు. సిక్కులందర్నీ 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చుకున్నారు. క్రైస్తవులకు లేదు. రెడ్డి బాప్తిస్మం పొందినా ఓసీ రెడ్డే, పోయేదేమీ లేదు. మాల, మాదిగ మాత్రం నీళ్లలోంచి లేచేసరికి బీసీ-సీ, రిజర్వేషన్లో వాటా ఒక్క శాతం. ఆ సర్టిఫికెట్ రాసేటప్పుడు తహసీల్దారు మీది ఆర్‌సీఎమా, సీఎస్‌ఐయా అని అడగడు.