సెంటర్‌కి కూతవేటు దూరం

బ్యాక్‌ప్యాకర్ హాస్టళ్ల ప్రకటనలు వరసగా చదివితే యూరప్‌లో ఊరి చివర అనే చోటే లేదని తేలుతుంది. ప్రతి హాస్టలూ నగరం నడిబొడ్డునే ఉంటుంది. కాస్త మొహమాటం ఉన్నది 'నడిబొడ్డుకు అయిదే నిమిషాలు' అంటుంది. ఆ అయిదు నిమిషాలూ నడకా, మెట్రోనా, హెలికాప్టరా అన్నది రాయదు. ఇంకాస్త మొహమాటం ఉన్నది 'ప్రశాంతమైన పరిసరాలు' అంటుంది. అక్కడికి ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోవడం మంచిది.

తప్పంతా హాస్టళ్ల మీద వేసి లాభం లేదు. కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే అమ్ముతున్నారు. మ్యూనిక్‌లో ఎంఎస్ చేసే మన కుర్రాళ్లు నలుగురు ఈస్టర్ సెలవులకు వెనిస్ వెళ్లాలనుకున్నారనుకుందాం. జర్మనీ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోల్లోంచి నెలకు చేతికొచ్చేది 992. అందులో గది అద్దె, హెల్త్ ఇన్సూరెన్సు, బాస్మతి సంచీ పోగా మిగిలినదాంతో ఈ విహారం. అయినా వాట్సాప్ గ్రూపులో మొదట పడే ప్రశ్న 'ఎంతవుతుంది?' కాదు, 'సెంటర్‌లోనే కదా?' అని. ఎక్కడికి సెంటర్, దేనికి సెంటర్ అని ఎవరూ అడగరు. మ్యాపు మీద సూది గుచ్చిన చోట పడుకుంటే ఊరంతా కాళ్ల దగ్గరికి వస్తుందని ఒక నమ్మకం.

ఈ నమ్మకాన్ని మొదట సొమ్ము చేసుకున్నది చవక విమాన సంస్థలు. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనే విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో, వేరే రాష్ట్రంలో ఉంది. పారిస్-బోవేలో దిగినవాడు పారిస్ చూడాలంటే ఎనభై కిలోమీటర్ల పైన బస్సులో కూర్చోవాలి. మెమ్మింగెన్‌లో ఉన్నదానికి 'మ్యూనిక్ వెస్ట్' అని పేరు. పడమర వైపే ఉందన్నంత వరకు నిజం, వంద కిలోమీటర్లు దాటి ఉంది. వెనిస్ టికెట్ చవగ్గా దొరికిందంటే విమానం చాలాసార్లు దిగేది ట్రెవీజో అనే వేరే ఊళ్లో. షాద్‌నగర్ దాటాక ముళ్లకంపలు కొట్టి రాళ్లు పాతి 'హైదరాబాద్ నడిబొడ్డున మీ సొంతింటి కల' అని ఫ్లెక్సీ కట్టే మన రియల్టర్లు ఈ సంగతి తెలుసుకుంటే ఎంత పొంగిపోతారో!

హాస్టళ్లు అంత దూరం పోవు. వాటి పనితనం వందల మీటర్ల లెక్కలో ఉంటుంది. బుకింగ్ సైట్లలో 'సిటీ సెంటర్ నుంచి ఇంత దూరం' అని కనిపించే అంకె చాలాచోట్ల మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత పొడవు. ఆ గీతకు గోడలుండవు, గుట్టలుండవు, రైలు పట్టాలుండవు. వెనిస్‌లో అయితే నీళ్లు కూడా ఉండవు.

వెనిస్ నడిబొడ్డు అనుకునే సాన్ మార్కో చౌకుకి ఎదురుగా, కాలువ అవతల జూదెక్కా అనే పొడవాటి దీవి ఉంది. అక్కడ పాత ధాన్యపు గిడ్డంగిలో ఒక పెద్ద హాస్టల్ నడుస్తోంది. బస మంచిదే. కిటికీ తీస్తే నీళ్ల మీదుగా సాన్ మార్కో గంటస్తంభం కనిపిస్తుంది, ఫోటోకి అంతకన్నా ఏం కావాలి? గీత లెక్కన చూస్తే సెంటర్‌కి కూతవేటు దూరం. కూత నిజంగానే వినబడుతుంది. మనిషి పోవడమే కష్టం. జూదెక్కా కాలువ మూడు నాలుగు వందల మీటర్ల వెడల్పు, దాని మీద వంతెన లేదు. వాపొరెట్టో పడవ ఎక్కాలి. బయటివాళ్లకు 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు. పొద్దున పోయి రాత్రి తిరిగొస్తే 19. నలుగురికి 76. స్థానిక కార్డు ఉన్నవాళ్లు అందులో చిన్న ముక్క చెల్లించి అదే పడవలో, అదే సీట్లో కూర్చుంటారు.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఏడాదికి ఒక్క వారాంతం ఆ హాస్టల్ నిజంగానే నడక దూరంలోకి వస్తుంది. 1575-77 ప్లేగు పోయినందుకు మొక్కుగా పల్లాదియో అనే ఆర్కిటెక్టు నమూనాతో కట్టిన రెదెంతోరె చర్చి ఆ దీవి మీదే ఉంది. జూలై మూడో ఆదివారం వచ్చే ఉత్సవానికి కాలువ మీద తేలే వంతెన వేస్తారు. పండగయ్యాక విప్పేస్తారు. అంటే 'సెంటర్‌కి నడిచి వెళ్లొచ్చు' అన్నది అబద్ధం కాదు, వార్షికోత్సవం.

సరే, నీళ్లు దాటే గొడవ లేకుండా అచ్చంగా నడిమధ్యలో, కన్నారెజోలోనో కాస్తెల్లోలోనో మంచం దొరికిందనుకుందాం. ఇంటి నంబరు వెతకడం మొదలవుతుంది. వెనిస్‌లో నంబర్లు వీధి వారీగా ఉండవు. ఊరిని ఆరు పేటలుగా చేసి, ఒక్కో పేటకి ఒకటి నుంచి మొదలుపెట్టి ఇళ్లన్నింటికీ వరస అంకెలు వేశారు. ఆరు వేలు దాటినవీ ఉన్నాయి. మూడు వేల ఎంతో నంబరు పట్టుకుని ఫోన్ చూపించిన సందులోకి తిరిగితే, ఎదురుగా నీళ్లూ, రెండు మెట్లూ. వెనక్కి తిరిగితే ఇంకో వంతెన. ఊళ్లో వంతెనలు నాలుగు వందల పైమాటే, ఎక్కువ వాటికి మెట్లే. బ్యాక్‌ప్యాకర్ అని పేరే గానీ మనవాళ్ల వీపు మీద సంచి ఉంటే చేతిలో సూట్‌కేసు కూడా ఉంటుంది, అందులో పచ్చడి సీసా ఉంటుంది. ఆ సూట్‌కేసు చక్రాల చప్పుడు భరించలేక 2014లో నగరపాలిక 500 యూరోల దాకా జరిమానా వేసే ఆలోచన చేసి, లోకమంతా గగ్గోలు పెట్టాక వెనక్కి తగ్గింది. బస్సు దిగి రైల్వే స్టేషన్ వైపు రావడానికి 2008లో కలట్రావా అనే పేరున్న ఆర్కిటెక్టుతో గాజు మెట్ల వంతెన కట్టించారు. తడిస్తే దాని మీద జనం జారిపడేవారు. ఏళ్ల తర్వాత గాజు తీసి రాయి వేయాలని నిర్ణయించారు. సామానుతో 'సెంటర్' చేరడం అంటే ఇదంతా కలిపి.

చేరాక వచ్చేది నిద్ర. రాదు. పన్నెండు పడకల గదిలో పై బెర్తుకి ఇనుప నిచ్చెన. అరికాలికి కడ్డీ గుచ్చుకుంటుంది. ప్లగ్గు పాయింటు కింది బెర్తువాడి తల దగ్గర, కాబట్టి ఛార్జర్ వైరు గాల్లో వేలాడుతుంది. కింది వాడు లేచినప్పుడల్లా దాన్ని మెడకు తగిలించుకుంటాడు. లాకర్ ఉంది, తాళం లేదు. తాళం రిసెప్షన్‌లో అమ్ముతారు. తువ్వాలుకి అద్దె. తెల్లవారుజామున విమానం ఉన్నవాడు మూడింటికి లేచి, లైటు వేస్తే మర్యాద కాదని చీకట్లోనే ప్లాస్టిక్ కవర్లన్నీ ఒక్కొక్కటిగా మడిచి సర్దుతాడు. కింద బార్ ఉంటుంది. దాన్ని ప్రకటనలో 'సోషల్ వైబ్' అని రాస్తారు, రిసెప్షన్ బల్ల మీద గాజు గిన్నెలో చెవుల్లో పెట్టుకునే దూదిబిళ్లలు పెడతారు. రెండూ ఒకే యాజమాన్యం ఏర్పాట్లే.

మరి 'స్థానికుల మధ్య బతకండి' అన్న వాగ్దానం? రియాల్టో వంతెన దగ్గర కాంపో సాన్ బర్తోలొమియో అనే చౌకులో ఒక మందుల షాపు ఉంది. దాని అద్దంలో 2008 నుంచి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టారు. అది చూపించేది బంగారం ధర కాదు, ఉష్ణోగ్రతా కాదు, పాత వెనిస్‌లో ఇంకా మిగిలిన జనాభా. 1950ల మొదట్లో లక్షా డెబ్భై వేల పైచిలుకు ఉన్నది 2022లో యాభై వేల కిందికి దిగింది. మరుసటి ఏడాది పర్యాటకుల పడకల సంఖ్య అక్కడి నివాసుల సంఖ్యను దాటేసింది. లెక్క ప్రకారం ఒక్కో వెనిస్‌వాసికి ఒక పర్యాటకుడి మంచం కేటాయించి ఇంకా కొన్ని మిగులుతాయి. కాబట్టి సెంటర్‌లో ఎదురయ్యే మనిషిని దారి అడిగితే, ఆయనా ఫోన్ తీసి మ్యాపు తెరుస్తాడు. ఆయన ఊరు పుణె.

ఈ ఖాళీకి హాస్టల్ మంచాలూ తమ వంతు చేశాయన్నది సెంటర్ భక్తులకు చెప్పకూడని మాట. అద్దెకుండే కుటుంబం కన్నా వారానికి మూడుసార్లు మారే సూట్‌కేసు ఎక్కువ డబ్బు ఇస్తుందని ఇంటి యజమానికి తెలిశాక, కూరగాయల కొట్టు పోయి కార్నివాల్ ముఖాల కొట్టు వస్తుంది. అక్కడ పచ్చిమిరపకాయలు దొరకవు.

పొదుపు యాత్రికుడికి సెంటర్ ఎంత ఆదరణ చూపిస్తుందో తెలుసుకోవాలంటే 2019 జూలై సంగతి ఒక్కటి చాలు. బెర్లిన్ నుంచి వచ్చిన ఇద్దరు బ్యాక్‌ప్యాకర్లు రియాల్టో వంతెన మెట్ల మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న చిన్న స్టవ్ మీద కాఫీ కాచుకున్నారు. దారిన పోయేవారు పోలీసులకు చెప్పారు. జరిమానా 950 యూరోలు, పైగా ఊరు వదిలి పొమ్మన్నారు. అంత సెంటర్‌లో కాఫీ కాచుకున్నవాళ్లు అరుదు, అంత ఖరీదైన కాఫీ తాగినవాళ్లు ఇంకా అరుదు. సాన్ మార్కో చౌకులో మెట్ల మీద కూర్చుని ఇంటి పులిహోర డబ్బా మూత తీయాలనుకునేవాళ్లు కూడా ఆ నగరపాలిక నిబంధనలు ఓసారి చదువుకోవడం మంచిది. కూర్చోవడమూ, తినడమూ రెండూ అందులో ఉన్నాయి.

అసలు ఈ హాస్టల్ అనేదాన్ని కనిపెట్టినాయన ఉద్దేశమే వేరు. రిచర్డ్ షిర్మాన్ జర్మనీలో బడిపంతులు. 1909లో పిల్లల్ని కాలినడకన తిప్పుతుండగా గాలివాన వచ్చింది. ఒక పల్లె బడిలో రాత్రి తలదాచుకున్నారు. ఆ రాత్రి ఆయనకు తట్టిందే ఈ ఆలోచన. 1912లో ఆల్టేనా కోటలో మొదటి శాశ్వత హాస్టల్ పెట్టాడు, కొండ మీద. పొగ పట్టిన పారిశ్రామిక పట్టణాల పిల్లల్ని అడవుల్లోకీ గాలిలోకీ తీసుకుపోవడం ఆయన పథకం. తర్వాత ఇంగ్లండ్‌లో 1930లో మొదలైన హాస్టళ్ల సంఘం చాలా ఏళ్లు కాలినడకన, సైకిలు మీద వచ్చినవాళ్లకే మంచం ఇచ్చేది. కారులో వస్తే పొమ్మనేది, ఉన్నవాళ్లచేత గదులు ఊడిపించేది. ఊరు వదిలి పారిపోవడానికి పుట్టిన హాస్టల్ ఇప్పుడు ఊరి బొడ్డుకి ఎన్ని మీటర్లో చెప్పుకుని బతుకుతోంది.

ఇక ఎవరూ ఇష్టపడని మెస్త్రె. వెనిస్‌కి ఇవతల ఒడ్డున, నేల మీద ఉన్న ఊరు. రైల్వే స్టేషన్ ఎదురుగానే పెద్ద హాస్టళ్లు ఉన్నాయి. రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో పాత వెనిస్ స్టేషన్ సాంతా లూచియా, టికెట్టు రెండు యూరోల లోపు. అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగితే రాత్రి బస్సులున్నాయి. పక్కనే వియా పియావె వీధి. పోర్టు మార్గెరా ఓడల కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడ్డ బంగ్లాదేశీయుల దుకాణాలు ఆ చుట్టుపక్కల ఉన్నాయి. కొత్తిమీర కట్ట, బెండకాయలు, బియ్యం, కావలసిన కారం అక్కడ దొరుకుతాయి. హాస్టల్లో వంటగది ఉందో లేదో చూసుకుంటే నలుగురి రాత్రి భోజనం వాపొరెట్టో టికెట్ల ఖర్చులో అయిపోతుంది.

కానీ రివ్యూలు చూడండి: 'హాస్టల్ బాగుంది, సెంటర్‌కి దూరం, రెండు నక్షత్రాలు కట్'. రాసింది ఎవరో కాదు, మియాపూర్ నుంచి రాయదుర్గానికి అమీర్‌పేటలో మెట్రో మారి, నిలబడి, రోజూ వెళ్లొచ్చిన మనిషే. పన్నెండు నిమిషాల ఇటలీ రైలు ఆయనకు దుర్భరంగా తోచింది.

పైగా మెస్త్రె వెనిస్ కాదనడం తప్పు. 1926 నుంచి అది వెనిస్ నగరపాలికలో భాగం. ఆ నగరపాలిక రెండున్నర లక్షల జనాభాలో మూడింట రెండు వంతులకు పైగా ఉండేది ఈ ఇవతలి ఒడ్డునే. పాత ఊరు ఖాళీ చేసినవాళ్లలో చాలామంది చేరిందీ ఇక్కడికే. స్థానికుల మధ్య బతకాలని నిజంగా సరదా ఉంటే టికెట్టు ఇటు కొనాలి. రెండు ఊళ్లనూ విడదీయాలని 1979 నుంచి అయిదుసార్లు రెఫరెండం పెట్టారు, అయిదుసార్లూ కుదరలేదు. 2019లో ఆఖరుసారి ఓటర్లలో నాలుగోవంతు కూడా రాక అది చెల్లకుండా పోయింది.

2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో పాత వెనిస్‌లోకి పగటిపూట చూసిపోవడానికి వచ్చేవాళ్ల దగ్గర అయిదు యూరోలు వసూలు చేస్తున్నారు. 2025లో, ఆలస్యంగా బుక్ చేసుకున్నవాళ్లకు పది చేశారు. పక్క నగరం పాదువాలో పడుకుని వచ్చినవాడు కట్టాలి. మెస్త్రెలో పడుకున్నవాడికి అక్కర్లేదు, బస పన్ను అక్కడే కట్టాడు కాబట్టి. మినహాయింపు దానంతటది రాదు. నగరపాలిక వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసి క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. సాన్ మార్కో పక్క సందులో మూడింతలు ఇచ్చి పై బెర్తు పట్టినవాడూ అదే ఫారం నింపాలి. అందులో సెంటరా, కాదా అనే గడి లేదు.