పరీక్ష పాసైన పాకం

తెలుగువాడి ఇంట్లో ఉన్నన్ని ప్రయోగశాలలు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో కూడా ఉండవు. తేనె సీసా గడప దాటగానే ముందు ఒక గ్లాసుడు నీళ్లు బల్ల మీదకొస్తాయి. చుక్క వేస్తారు. అది చెదరకుండా అడుగుకు దిగితే ‘అసలుదే’ అని బాబాయిగారి తీర్పు. తర్వాత అగ్గిపెట్టె. పుల్ల తలను తేనెలో ముంచి గీస్తారు, వెలిగితే స్వచ్ఛం. ఆపైన పేపరు ముక్క మీద ఒక చుక్క, అవతలికి ఊరకపోతే స్వచ్ఛం. ఆపైన బొటనవేలి గోరు మీద ఇంకో చుక్క, జారకపోతే స్వచ్ఛం. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆఖరి అప్పీలు వీధికుక్కకు. అసలు తేనెను కుక్క ముట్టదట! ఆ మాట కుక్కకు ఎవరు చెప్పారో మరి.

ఇప్పుడు ముదురు బెల్లం పాకం ఒక గరిటెడు తీసుకుని ఇవే పరీక్షలు పెట్టండి. గోరు మీద కదలదు. కాగితం మీద కూర్చున్నచోటే కూర్చుంటుంది. నీళ్లలో బుద్ధిమంతుడిలా నేరుగా అడుగుకు దిగుతుంది. ఫస్ట్ క్లాసు! అదే అడవిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో పిండిన తేనెను తెచ్చారనుకోండి, పలచగా ఉంటుంది, నీళ్లలో పడగానే చెదురుతుంది, పేపరును తడిపేస్తుంది. బాబాయిగారు దాన్ని ఫెయిల్ చేసి సింకులో పోస్తారు. ఈ పరీక్షలు కొలిచేదల్లా చిక్కదనాన్ని. చిక్కదనానికి పొయ్యి చాలు, పూలతో పనిలేదు.

ఇక రోడ్డు పక్క బకెట్టు సంగతి. ప్లాస్టిక్ బకెట్టు నిండా రాగిరంగు ద్రవం, దాని మీద అరచేతి మందాన తేనెతుట్టె. చిట్లిన మైనపు గదులు, మీద అంటుకుపోయిన రెండు మూడు ఈగలు, అలంకారానికి ఒక ఎండుటాకు. “ఇప్పుడే దించామక్కా, ఇంకా వేడి తగ్గలేదు” అంటాడు అమ్మేవాడు. తేనెకు వేడెక్కడిదని అక్క అడగదు. కిలో ఎనిమిది వందల దగ్గర మొదలైన బేరం, స్కూటర్ స్టార్ట్ అయ్యేసరికి మూడు వందలకు దిగుతుంది. తుట్టె నిజమే, ఈగలూ నిజమే. అబద్ధం వాటి కింద ఉంటుంది. బకెట్టు పట్టిన ప్రతివాడూ మోసగాడని కాదు. తుట్టె కనబడగానే మన బుద్ధి సెలవు పెడుతుందన్నదే నా ఫిర్యాదు.

బకెట్టువాణ్ణి చూసి నవ్వి, ఏసీ సూపర్‌బజారులో సీసా కొనుక్కునే చదువరులు ఉన్నారు చూశారూ, వాళ్ల కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2020లో కరోనాకు భయపడి జనం తేనె మీద పడ్డారు. అమ్మకాలు పెరిగాయి. విచిత్రంగా, ఉత్తరాదిన తేనెటీగలు పెంచే రైతులు మాత్రం గిట్టుబాటు లేక పెట్టెలు మూసుకుంటున్నారు. తేనె అంత అమ్ముడవుతుంటే తేనె తీసేవాడికి బేరమెందుకు లేదు? ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ సంస్థ ఈ లెక్కే పట్టుకుని తవ్వింది. పెద్దా చిన్నా కలిపి 13 బ్రాండ్ల తేనెను జర్మనీ ప్రయోగశాలకు పంపి ఎన్ఎంఆర్ అనే పరీక్ష చేయిస్తే 10 బ్రాండ్లు తప్పాయి. ఆ డిసెంబరులో ఈ వివరాలు బయటపెట్టగానే కంపెనీలు మండిపడ్డాయి. మా సరుకు దేశంలోని ప్రమాణాలన్నీ పాసైంది అన్నాయి.

ఆ మాటా నిజమే. అసలు కథంతా అక్కడే ఉంది.

చెరకు, మొక్కజొన్న పాకం కలిపితే కార్బన్ పరీక్షలో దొరికిపోతుంది. ఆ మొక్కల చక్కెరలో కర్బనం తన ముద్ర వదులుతుంది. అది తెలిసి వ్యాపారులు బియ్యం పాకానికి, బీట్‌దుంప పాకానికి మారారు. దాన్ని పట్టే పరీక్ష వచ్చింది. అప్పుడు చైనాలో, పరీక్షలు దాటడం కోసమే ప్రత్యేకంగా వండిన పాకం తయారైంది. మన పిల్లలను ఇంటర్మీడియట్ కార్పొరేట్ కాలేజీలో వేసినట్టే. సబ్జెక్టు రానక్కర్లేదు, ఏ ప్రశ్న వస్తుందో తెలిస్తే చాలు. అంత కోచింగ్ తీసుకున్న పాకం తప్పుతుందా? ఉత్తరాఖండ్‌లోని జస్‌పూర్‌లో ఇలాంటి సరుకే తయారవుతున్నట్టు సీఎస్ఈ కనిపెట్టింది. బజారులో దాని ముద్దుపేరు ‘ఆల్ పాస్’ సిరప్. సిగ్గనేది ఉంటే కదా! అసలు తేనెలో ఈ పాకం సగానికి సగం కలిపి దేశీయ పరీక్షలకు పంపితే, కలిపింది కూడా మార్కులు కొట్టేసింది. చైనా కంపెనీ నుంచి నమూనా తెప్పించుకుంటే, అది హాంకాంగ్ మీదుగా పెయింట్లలో కలిపే రంగు అనే పేరుతో వచ్చింది. కస్టమ్స్ వాళ్ల కాగితాల మీద అది గోడకు పూసేది. మన ఇంట్లో అది పరగడుపున నిమ్మరసంలో కలుపుకునేది.

ఆ ఎన్ఎంఆర్ పరీక్షను మన ప్రభుత్వం 2020 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది, ఎగుమతి తేనెకు! అమెరికావాడి నాలుకకు ఒక ప్రమాణం, అనకాపల్లివాడి నాలుకకు ఇంకొకటి. అనకాపల్లివాడు కాబట్టి కనీసం బెల్లం పాకమైతే ఇట్టే పడతాడనుకున్నారో ఏమో.

సరే, కంపెనీలను తిట్టడం తేలిక. అసలు వాళ్ల చేత ఇంత పాకం పట్టించిందెవరు? తేనె గడ్డకట్టింది, చక్కెర కలిపారు అంటూ సీసా పట్టుకుని దుకాణానికి పరుగెత్తే మహానుభావులే. తేనె గడ్డకట్టడం నేరం కాదు. గ్లూకోజు పాలు ఎక్కువున్న తేనె, ఆవపూలదీ పొద్దుతిరుగుడుదీ, చలి తగలగానే పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా నిలబెడితే మళ్లీ కరుగుతుంది. గడ్డకట్టిందల్లా అసలుదనీ కాదు, కట్టనిదల్లా కల్తీ అనీ కాదు. కానీ రిటర్న్ సీసాల దెబ్బకు కంపెనీ ఏం చేస్తుంది? కాచి, పుప్పొడి కూడా మిగలకుండా వడపోస్తుంది. ఆ తేనె ఏ పూలది, ఏ ఊరిదని చెప్పగల ముఖ్య సాక్షి ఆ పుప్పొడే. కాచినకొద్దీ, నిల్వ ఉన్నకొద్దీ హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. కిలోకు 80 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. ఆ సంఖ్య ఏ లేబుల్ మీదైనా కనిపించిందా? జలపాతం బొమ్మ కనిపిస్తుంది. నూటికి నూరుపాళ్లు స్వచ్ఛం అన్న మాట కనిపిస్తుంది. అది లేని సీసా ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

లేబుల్ చూడదలిస్తే వెనకవైపు చూడాలి. తులసి తేనె, అల్లం తేనె అని ముందు రాసినవాడు, వెనక పదార్థాల జాబితాలో సారం కలిపానని చిన్న అక్షరాల్లో ఒప్పుకుంటాడు. ఎక్కడ సేకరించారు, ఏ పంట మీదిది, ఏ నెలలో తీశారు అని అడిగి చూడండి. పెట్టెలు పెట్టుకున్న రైతైతే పొద్దుతిరుగుడు చేలు ఎటున్నాయో, ఆ ఏడు వాన ఎలా చెడగొట్టిందో గంటసేపు చెబుతాడు. కౌంటరు దగ్గర కుర్రాడు ‘ఆఫరుంది సార్’ అంటాడు. ఒక పనిఈగ బతుకంతా తిరిగి చేసేది టీస్పూన్‌లో పన్నెండో వంతు. అలాంటిది ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే, రెండో సీసాకు ఏ ఈగ ఓవర్‌టైం చేసినట్టు?

అన్నట్టు, పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ముచ్చట ఉన్నవాళ్లకు ఒక మాట. ఎంత అసలు తేనె అయినా, ఏడాది నిండేదాకా వద్దు. అందులో బొట్యులిజం బీజాలుంటే పసిపేగు తట్టుకోలేదు. ఇది వెటకారం కాదు.

నల్లమలలో చెంచులు తాళ్లు కట్టుకుని కొండచరియల మీదకు దిగి కోసే తేనె ఒక ఏడున్నట్టు ఇంకో ఏడు ఉండదు. ఏ పూలు పూస్తే ఆ రంగు, ఆ ఘాటు. 1956 నుంచి విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ మన్యం తేనె కొని అమ్ముతూనే ఉంది. అక్కడా నేను చూసింది ఒకటే. “కిందటిసారి ఇలా లేదే, ఈసారి నల్లగా ఉందేంటి?” అని సీసాను వెలుతురుకెత్తి చూసి, మళ్లీ అరలోనే పెట్టేసే చేతులు. వారికి ఏడాది పొడుగునా మారని రంగు కావాలి. దానికేం, సరుకు సిద్ధంగానే ఉంది. కస్టమ్స్ కాగితాల్లో దాని పేరే రంగు.