గోడజరుపు శాస్త్రం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ముందు చెప్పుకోవాలని పెద్దల కట్టడి. ఈ శాస్త్రానికి విషయం: ఇంటి ప్లాను మనమే గీసుకోవడానికి తేలికైన సాఫ్ట్‌వేర్ ఏది? ప్రయోజనం: గోడ లేవకముందే దాన్ని జరపడం. లేచాక జరిపితే ప్రయోజనం మేస్త్రికి. సంబంధం: ఇల్లు కట్టేవాళ్ల బంధువుల మధ్య శంకుస్థాపన దాకా ఉండేది. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: బందరులోనో, గుడివాడలోనో, దివిసీమలోనో కాస్త స్థలమూ, అడక్కుండా సలహా ఇచ్చే బావగారూ, డల్లాస్‌లో ఒక కొడుకూ ఉన్నవాడు. స్థలం లేకపోయినా పర్వాలేదు, బావగారు లేనివాడికి మాత్రం ఈ శాస్త్రంతో పనిలేదు.

పూర్వాచార్యుల్లో అగ్రగణ్యుడు మేస్త్రి. ఆయన పరికరాలు నాలుగు మేకులు, పురికొస, ముగ్గు. మూల నుంచి ఇటు మూడడుగులు, అటు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెంటి మధ్య సరిగ్గా అయిదడుగులు వచ్చేదాకా పురికొస జరిపాడంటే మూల తిరుగులేకుండా మట్టంగా కుదురుతుంది. ఈ పద్ధతికి కరెంటు అక్కర్లేదు. లోపమల్లా ఒకటే: నేల మీద ముగ్గు పోస్తే ఏ గది అయినా చిన్నగా కనిపిస్తుంది. ఇంటావిడ వచ్చి చూసి, "ఇదేంటండీ, వంటిల్లు అగ్గిపెట్టంత ఉంది!" అంటుంది. "గోడలు లేస్తే పెద్దగా కనబడుద్దమ్మా" అంటాడు మేస్త్రి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మంచం వేస్తే తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది మాత్రం ఇద్దరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ పుట్టింది ఈ సందులో.

అర్వాచీనుల్లో ఆటోక్యాడ్ 1982 నాటిది. ఇంజినీర్ల ఆఫీసుల్లో దానిదే రాజ్యం, నేర్చుకోవడం ఒక చదువు. సొంతిల్లు ఒక్కటి గీసుకోవడానికి దాని జోలికి వెళ్లేవాడు ఈ శాస్త్రానికి అధికారి కాడు, సన్న్యాసానికి అధికారి. 2000లో వచ్చిన స్కెచప్‌లో నేల మీద గీసిన గడిని మౌసుతో పట్టి పైకి లాగితే గోడ అవుతుంది. చూడ్డానికి ముచ్చటే. కానీ ఆ ముచ్చటలో పడి మనిషి ఇల్లు మానేసి పిట్టగోడకు డిజైన్లు చెక్కుతూ కూర్చుంటాడు. ఫ్లోర్‌ప్లానర్ బ్రౌజరులోనే నడుస్తుంది, నెట్ బాగున్నంతసేపూ హాయి. గాలివానకు నెట్ పోయిందా, ఇల్లూ పోయినట్టే. 2006 నుంచీ ఉచితంగా దొరుకుతున్న స్వీట్ హోమ్ 3డి కంప్యూటరులోకే దిగి పనిచేస్తుంది. పైన ప్లాను, కింద అదే ఇల్లు మూడు కొలతల్లో. గోడ జరిపితే రెండు చోట్లా జరుగుతుంది. ఈ శాస్త్రకారుడు దాని పక్షం.

పక్షమని దాని దోషాలు దాచడం శాస్త్రమర్యాద కాదు. అందులో గోడ మందం 7.5 సెంటీమీటర్లని ముందే రాసిపెట్టి ఉంటుంది. అంటే మూడంగుళాలు. మన బయటి గోడ తొమ్మిదంగుళాలు, లోపలిది నాలుగున్నర. ఆ అంకె మార్చకుండా గీస్తే ప్రతి గోడ దగ్గరా కొన్ని అంగుళాలు కాగితం మీద దొరుకుతాయి, స్థలంలో దొరకవు. గోడ ఎత్తు 250 సెంటీమీటర్లు, అంటే ఎనిమిదడుగులు దాటి రెండంగుళాలు. ఫ్యాను బిగించాక చెయ్యెత్తి ఆవులించడానికి ధైర్యం కావాలి. ఇక సామాన్ల జాబితాలో బాత్‌టబ్బు ఉంది, తులసికోట లేదు. తులసికోట బదులు ఒక చతురస్రపు దిమ్మె పెట్టుకోవచ్చు. అత్తగారికి మాత్రం త్రీడీ చూపించకూడదు.

పెద్ద చిక్కు కొలమానంలో ఉంది. మనం సెంట్లలో కొంటాం, గజాల్లో రిజిస్ట్రేషన్ చేయిస్తాం, అడుగుల్లో కడతాం. సాఫ్ట్‌వేర్ సెంటీమీటర్లతో మొదలుపెడుతుంది. సెంటు అంటే 435.6 చదరపుటడుగులు, అయిదు సెంట్లు 2178. ఈ బేసి అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని బెంగపడనక్కర్లేదు: సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, దాన్ని అందులో సగంతో, అంటే 33తో హెచ్చిస్తే సరిగ్గా అంతే. అదే మీటర్లలో 10.06, 20.12 అవుతుంది. ఆ దశాంశాలు చూశాక సిద్ధాంతిగారు ఆయం కట్టలేరు. కాబట్టి మొట్టమొదట సెట్టింగుల్లోకి వెళ్లి అడుగులు పెట్టుకోవాలి.

ఆయం మాట వచ్చింది గనక చెప్పాలి. ఇంటి వాస్తు చూడ్డానికి వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం పొడవు వెడల్పులు హెచ్చించి, వచ్చినదాన్ని మళ్లీ తొమ్మిదితో హెచ్చించి, ఎనిమిదితో భాగించి శేషం చూస్తారు. ఒకటి ధ్వజం, మూడు సింహం, అయిదు వృషభం, ఏడు గజం: ఇవి మంచివి. రెండు ధూమం, నాలుగు శునకం, ఆరు ఖరం, ఏమీ మిగలకపోతే కాకం: ఇవి కావు. తొమ్మిది అంటే ఎనిమిదీ ఒకటీ, కాబట్టి తొమ్మిదితో హెచ్చించినా మానేసినా శేషం ఒకటే వస్తుంది. ఈ రహస్యం సిద్ధాంతిగారి ఎదుట అనకండి, దక్షిణ తగ్గించమన్నట్టు ఉంటుంది. ఇల్లు 30 అడుగులకు 27 అయితే 810, శేషం రెండు, ధూమం. మౌసుతో గోడ ఒక్క అడుగు జరిపి 31 చేయండి: 837, శేషం అయిదు, వృషభం. పొగ కాస్తా ఎద్దయింది, ఒక్క ఇటుక కదల్లేదు. కొలత గోడ లోపలిదా బయటిదా అంటే సిద్ధాంతుల్లో రెండు పక్షాలున్నాయి. మనకు ఏది కలిసొస్తే ఆ పక్షం సిద్ధాంతిని పిలవడం బందరు సంప్రదాయం.

దిక్కుల విషయంలో మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ బుద్ధిమంతురాలు. ప్లాను పక్కన దిక్సూచి ఉంటుంది. అందులో బందరు అక్షాంశం 16.2, రేఖాంశం 81.1 వేసి, తేదీ, గంట చెబితే ఆ వేళకు ఏ కిటికీలో ఎండ పడుతుందో బొమ్మ తీసి చూపిస్తుంది. మే నెల సాయంత్రం నాలుగింటికి పడమటి పడగ్గది చూసుకుంటే, "నైరుతి గది నాకే" అని పట్టుబట్టిన బావగారు తనంతట తానే సర్దుకుంటారు.

ఇక్కడొక పూర్వపక్షం: ఏ సాఫ్ట్‌వేరయినా సమతల భూమి మీద ఇల్లు మొదలుపెడుతుంది, దివిసీమలో ఇల్లు మొదలయ్యేది ఎత్తు దగ్గర కదా? ఈ ప్రశ్న న్యాయమైనది. బందరు మీద 1864 నవంబరు 1న పడ్డ ఉప్పెనలో దాదాపు ముప్ఫై వేలమంది పోయారు. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి దివిసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగితే లంకలు మళ్లీ మునిగాయి. అందుకే అవనిగడ్డ వైపు ఇల్లు చూడ్డానికి వచ్చినవాడు ముందు హాలు ఎంతని అడగడు, బేస్‌మెంటు ఎంత లేపారని అడుగుతాడు. తర్వాత మెరక ఎంత తోలించారని, బుసకా, చెరువు మట్టా అని. గుడివాడ వైపు నల్లరేగడి వానలకు ఉబ్బి, ఎండలకు బీటలిస్తుంది. దాని మీద పునాది ఎంత లోతన్నది ఏ త్రీడీ బొమ్మలోనూ కనిపించదు. దీనికి ఉపాయం ఒకటుంది. స్వీట్ హోమ్‌లో అంతస్తులకు ఎత్తు ఇవ్వొచ్చు. రోడ్డును సున్నా అనుకుని, మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, ఇంటి నేలను ఆ గుర్తు కంటే పైన పెట్టండి. అప్పుడు మెట్లు ఎన్ని కావాలో, అవి ఎంత స్థలం తింటాయో తెలుస్తుంది. పోర్టికోలో కారు పట్టదని తేలేది కూడా అప్పుడే.

చుట్టిల్లు గీయాలన్నా గోడను వంచే ఏర్పాటు ఉంది. తుపాను గాలి గుండ్రటి గోడను మూల పట్టుకుని పెరకలేదని మన తాతలు కనిపెట్టిన ఇల్లు అది. అయితే గుండ్రటి గోడకు బీరువా ఆనదు కాబట్టి ఈ కాలంలో ఎవరూ అడగరు.

సిద్ధాంతం ఇది. గీసేది కొడుకైనా, పరీక్ష పెట్టించాల్సింది వంట చేసేవారి చేత. పావుగంటలో ఆవిడ స్టవ్వు దిమ్మెను ఆగ్నేయానికి, సింకును కిటికీ కిందికి జరపగలిగితే అది తేలిక సాఫ్ట్‌వేరు. "మీరే జరపండి" అన్నారా, ఇంకోటి చూడండి. మేస్త్రి కాగితం మీద గీసిన ప్లాను ఉంటే ఫోటో తీసి లోపలికి ఎక్కించి, తెలిసిన గోడ పొడవు ఒకటి చెప్పి, దాని మీదే గీసుకోవచ్చు. మునిసిపాలిటీ అనుమతికి ఇది చెల్లదు, ఆ ప్లాను లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ గీయాల్సిందే. మేస్త్రికి మాత్రం ఫోన్‌లో చూపించకండి. వేలితో పెద్దది చేసిన బొమ్మ మీద టేపు పెట్టలేడు. స్కేలు పెట్టి ప్రింటు తీయించి, మీదొక సంతకం చేసి, రెండు కాపీలు ఇవ్వండి. ఒకటి సిమెంటులో పడుతుంది.