శాంతం జంక్షన్

కాజీపేట, విజయవాడ, కొత్తగూడెం పట్టాలు కలిసే డోర్నకల్‌లో డిగ్రీ పిల్లగాడొకడు డైరీ రాస్తున్నాడు.

‘బండి గంట లేటు. కోపం రాలే. మిర్చి బజ్జీ కొన్న. అది చల్లారింది, నేనూ చల్లారిన.’

మర్నాడు: ‘స్కాలర్‌షిప్ ఇయ్యాల కూడా పడలే. నవ్విన.’

ఇంత నిబ్బరం ఎక్కడిదంటే ఊరిదే. ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్‌గా అజరయ్య ఈ ఊరి పీఠానికి అభిషిక్తుడైంది 1912లో. ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. 27 ఏళ్లు ఓపిక పట్టిన ఊరికి గంట ఒక లెక్కా?

అయ్యా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫైలు పట్టుకు కూర్చున్న పెద్దలూ! పిల్లగాడు నవ్వుతున్నాడని బకాయి మరిచాడనుకునేరు. డైరీలో ప్రతి పేజీకీ తారీఖు వేస్తున్నాడు.