ఫార్మాట్ కొడితే పోతాది సార్!

మా అనంతపురం పల్లెల్లో బోరు వేయాలంటే రిగ్గు కంటే ముందు టెంకాయ వస్తుంది. నీళ్ళు చూసే ఆయన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ గంగమ్మ ఉన్నట్టు. తర్వాత రిగ్గు దిగుతుంది. నాలుగు వందల అడుగులు, ఆరు వందలు, ఇంటామె మెళ్ళోని గొలుసు కుదువకు పోయేదాకా దిగుతూనే ఉంటుంది. తెల్లటి రాతిపిండి మబ్బులా పైకి లేస్తుంది తప్ప చెమ్మ తగలదు. అప్పుడు టెంకాయ ఆయన్ని అడిగి చూడండి. "నీళ్ళుండాయి సామీ. మీరే జానెడు పక్కకి వేసినారు" అంటాడు.

ఈ విద్య అంతరించిపోతుందని ఎవరూ బెంగపడనక్కర్లేదు. మా టౌన్లో అది కంప్యూటర్ రిపేరు పేరుతో నిక్షేపంగా బతికి ఉంది. టెంకాయ బదులు పెన్‌డ్రైవు, అంతే తేడా. అక్కడా కొట్టడమే, ఇక్కడా కొట్టడమే. టెంకాయ కొట్టినట్టే ఫార్మాట్ కూడా 'కొడతారు'. తెలుగువాళ్ళు ఆ పనికి ఇంకో క్రియాపదం వాడగా నేను వినలేదు.

మా ఇంట్లో ఉన్నది పదిహేనేళ్ళ నాటి అసెంబుల్డ్ డబ్బా. దానికో జబ్బు పట్టుకుంది. బాగానే పనిచేస్తూ పనిచేస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. బాణం తెర మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడుతుంది. మూలన గడియారం 2:17 దగ్గర ఆగిపోతుంది. పాట వస్తుంటే చివరి అక్షరం 'ర్ర్ర్ర్' అని సాగుతూ ఉంటుంది. లోపల ఫ్యాను మాత్రం తనకేమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకుని పీక నులిమితే తప్ప కదలదు. మా తమ్ముడి పంట నష్టం అర్జీ టైపు చేస్తుంటే మూడుసార్లు అలాగే అయింది. అర్జీలు ఆఫీసులో ఆగడం మాకు అలవాటే. ఇంట్లోనే ఆగిపోవడం అదే మొదలు.

కమలానగర్ సందుల్లోంచి ఒక అబ్బాయి వచ్చాడు. మంచివాడే, మర్యాదస్తుడే. కుర్చీలో కూర్చోకముందే తేల్చేశాడు.

"వైరస్ సార్. ఫార్మాట్ కొట్టాల."

"ఎట్లా తెలిసిందప్పా?"

"ఆగిపోతాంది కదా సార్, వైరస్ కాకుంటే ఇంకేముంటాది?"

ఎప్పుడు ఆగుతోంది, ఏం చేస్తుంటే ఆగుతోంది, ఆగినప్పుడు డబ్బా వేడిగా ఉందా చల్లగా ఉందా, ఒక్క ప్రశ్న లేదు. వైద్యుడన్నవాడు కనీసం నాలుక చాపమంటాడు. ఇతను రోగి మొహం కూడా చూడకుండానే అంత్యక్రియలకు సామాను తెచ్చుకున్నాడు.

మొదటి ఫార్మాట్ జూన్ మొదటి వారంలో, 300 రూపాయలకు అయింది. అదే వారం రెండు జల్లులు పడి ఊరు చల్లబడింది. కంప్యూటరూ చల్లబడి నెలరోజులు నోరెత్తకుండా పనిచేసింది. పేరు మాత్రం పెన్‌డ్రైవుకి వచ్చింది. కరువు ముదిరినప్పుడు గుళ్ళో విరాటపర్వం చదివిస్తారు. చదివిన నాలుగు రోజులకో, నలభై రోజులకో వాన పడుతుంది. ఎప్పుడు పడినా చదివినందుకే పడినట్టు. 2000 దశకంలో మేఘమథనమని మా మబ్బుల మీదికి విమానాలు పంపినప్పుడూ ఇదే లెక్క: పడితే విమానం గొప్ప, పడకపోతే మబ్బు తప్పు. నేను విరాటపర్వాన్ని వెక్కిరించడం లేదు. అది చదివితే ఎవరి ఫోటోలూ చెరిగిపోవు. వాన కోసం గాడిదలకు పెళ్ళి చేసినా గాడిదలకు నష్టం లేదు, ఆ పూటకు దండలైనా దక్కుతాయి. ఫార్మాట్ అలా కాదు.

రెండో ఫార్మాట్‌కి 400. "డి డ్రైవులో ఉండేటివి యాడికీ పోవు సార్" అని అభయమిచ్చాడు. నిజమే, పోలేదు. కానీ మన ఇళ్ళలో డి డ్రైవులో ఏమైనా దాచుకునేవాళ్ళు ఎంతమంది? అన్నీ డెస్క్‌టాప్ మీదే పడేస్తాం. ఆ డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవులో. మా అమ్మ పోయే ముందు ఏడు ఉగాదికి ఓళిగలు తడుతూ, మధ్యలో నన్ను తిడుతూ ఉన్న వీడియో ఒకటి అక్కడే ఉండేది. సంగతి తెలిసింది అబ్బాయి వెళ్ళిపోయాక. అప్పటికే 400 ఇచ్చి, టీ ఇచ్చి, గుమ్మం దాకా సాగనంపాం.

మూడోసారికి నేను కాస్త తెలివి తెచ్చుకుని పక్కన కూర్చుని చూశాను. కొత్త విండోస్ ఎక్కింది. డబ్బు కట్టిన విండోస్ కాదు, పెన్‌డ్రైవులో వచ్చిన ధర్మవిండోస్. దాన్ని యాక్టివేట్ చేయాలి కదా. అబ్బాయి ఒక చిన్న ఫైలు తెరిచాడు. యాంటీవైరస్ ఎర్రగా లేచి అరిచింది. అతను దాని నోరు నొక్కాడు.

"ఇది పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపేయాల సార్."

వైరస్ వదిలించడానికి వచ్చినవాడు మొదట చేసిన పని కాపలా కుక్కను కట్టేయడం. ఆ ఫైలు ఎక్కడిదో, ఎన్ని ఊళ్ళ కంప్యూటర్ల ఎంగిలి తాగిన పెన్‌డ్రైవో ఆ సామికే ఎరుక. అంతకుముందు మా డబ్బాలో వైరస్ ఉందో లేదో నాకు తెలియదు గానీ, 500 తీసుకుని దానికి తలుపు తీసిన ముహూర్తం మాత్రం నా కళ్ళారా చూశాను.

వైరస్‌లు లేవని కాదు. 1986లో లాహోర్ అన్నదమ్ములు ఇద్దరు 'బ్రెయిన్' వదిలిన నాటి నుంచీ ఉన్నాయి. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అనే పేరున్నది పేలి మదర్‌బోర్డుల్లోని బయోస్ దాకా తుడిచిపెట్టింది. 2017 మేలో వాన్నాక్రై వచ్చి మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లనే కొన్నిటిని బందీ చేసింది. అయితే అది తెరమీద చీటీ అంటించి, ఇంత సొమ్ము బిట్‌కాయిన్లలో కట్టమని బేరం పెట్టింది. ఈ కాలపు వైరస్‌ది వ్యాపారం. పాస్‌వర్డులు దొంగిలించాలన్నా, మన కరెంటుతో తన నాణేలు తవ్వుకోవాలన్నా మన కంప్యూటర్ నడుస్తూ ఉండాలి. పని మాన్పించి బిగదీసి కూర్చోబెడితే దానికేం లాభం? కన్నం వేసిన దొంగ గోడ గడియారం ఆపి వెళ్ళిపోతాడా?

ఇంకో అన్యాయం ఉంది, నాకు అసలు మండేది అక్కడే. విండోస్ తన దినచర్య తానే రాసుకుంటుంది. ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. పీక నులిమి మళ్ళీ లేపిన ప్రతిసారీ అందులో 'కెర్నల్-పవర్ 41' అని ఒక పంక్తి పడుతుంది. సరిగ్గా మూయకుండానే ఆగిపోయానని దాని అర్థం. ఎందుకాగిందో చెప్పదు, కానీ తేదీ, వేళ ఉంటాయి. డిస్కు చదవలేక తడబడితే అదీ అక్కడ పడుతుంది. రోగం కనిపెట్టాలంటే ముందు చూడాల్సిన పంచనామా అది. ఫార్మాట్ కొడితే ఆ పంచనామా కూడా పోతుంది. పోస్టుమార్టం కాకముందే శవాన్ని కాల్చేసి, జబ్బు నయమైందని చెప్పే డాక్టరును ఊళ్ళో ఎవరైనా బతకనిస్తారా? ఇక్కడ మాత్రం నయమైతే వైరస్ పోయినట్టు. మళ్ళీ ఆగితే కొత్త వైరస్ వచ్చినట్టు. ఓడిపోయే వీలే లేని పందెం.

"బోరోళ్ళకి టెంకాయ, వీనికి పెన్‌డ్రైవు" అంది మా ఆవిడ మూడోసారి 500 తీసి ఇస్తూ. ఈ వ్యాసంలో మొదటి పేరా ఆమెది. నేను కొంచెం సాగదీశానంతే.

నాలుగోసారి ఆగినప్పుడు అబ్బాయికి ఫోన్ చేయలేదు. గోడ మీది క్యాలెండర్లో, పాలవాడి లెక్క పక్కనే, ఆగిన ప్రతిసారీ వేళ రాయడం మొదలుపెట్టాను. ఏప్రిల్ నెల. 17 రోజుల్లో 11 సార్లు ఆగింది. అందులో 8 మధ్యాహ్నం ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్య. మిగతా మూడూ పొద్దున్నే, ఆన్ చేసిన పది నిమిషాల్లో. వైరస్‌కి ఎండదెబ్బ తగులుతుందని ఎక్కడా చదవలేదు. అందుకని స్క్రూడ్రైవర్ తీశాను.

ఊరి సంగతి కాస్త చెప్పాలి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది, అదీ పడిన ఏడు. నైరుతి వస్తుంది, కానీ పడమటి కనుమల దగ్గరే నీళ్ళు ఒంపేసి, మా దగ్గరికి ఉత్త గాలిగా వస్తుంది. ఆ గాలిని నమ్ముకునే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఏటి ఇసుక దిబ్బలై పొలాల మీదికి నడిచొస్తుంది. టౌన్లో ఉన్న మాకు ఇసుక రాదు గానీ ఎర్రమట్టి వస్తుంది. కిటికీ మూసినా వస్తుంది, అన్నం కంచంలోకి కూడా వస్తుంది. కంప్యూటర్ డబ్బా అంటే ఏమిటి? ఆ గాలిని పొద్దస్తమానం లోపలికి పీల్చుకోవడానికి ఫ్యాను బిగించిన పెట్టె.

పక్క రేకు ఊడదీశాను. ప్రాసెసర్ మీద అల్యూమినియం దువ్వెనలా పళ్ళు పళ్ళుగా ఒకటి ఉంటుంది, దాని మీద ఫ్యాను. ఫ్యాను విప్పితే పళ్ళు కనపడలేదు. వాటి మీద అరంగుళం మందాన, వేలితో పట్టి లాగితే ముక్కగా ఊడి వచ్చేలా, ఎర్రగా నేసిన కంబళి. ఏప్రిల్ ఎండలో 42 డిగ్రీల గదిలో మా ప్రాసెసర్ కంబళి కప్పుకుని పనిచేస్తోంది. దువ్వెన ఎంత మంచిదైనా గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. ఆ గాలి కూడా తగలకపోతే ప్రాసెసర్ మొదట నెమ్మదిస్తుంది, తర్వాత చేతులెత్తేస్తుంది. కింద రాసిన పేస్టు పాతగోడ సున్నంలా పెచ్చులు లేచింది. పెయింటు బ్రష్షుతో, ఫ్యాను రెక్కను వేలితో ఆపిపట్టి, మట్టంతా దులిపాను. కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టాను. మధ్యాహ్నపు ఆగుళ్ళు ఎనిమిదీ పోయాయి.

పొద్దుటి మూడు మిగిలాయి. చల్లగా ఉన్నప్పుడే మొరాయించడం ఏమిటి? ర్యామ్ కాళ్ళు రబ్బరుతో రుద్దాను. (ఇది కూడా మా ఊరి మంత్రమే, కానీ దీనికి కాస్త అర్థం ఉంది, కాళ్ళకు పట్టిన చిలుము పోతుంది.) రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపాను, తప్పు దొరకలేదు. డిస్కు తన ఆరోగ్యం బాగానే ఉందని చెప్పుకుంది. మళ్ళీ రేకు తీసి టార్చి వేసి చూశాను. ప్రాసెసర్ పక్కన చిన్న చిన్న డబ్బాలు వరసగా నిలబడి ఉంటాయి, కెపాసిటర్లు. బాగున్నవాటి తల బల్లపరుపుగా ఉంటుంది. మావాటిలో ఆరింటి తలలు ఉబ్బాయి. ఒకదాని నెత్తి మీద గోధుమరంగు పొక్కు కూడా కట్టింది.

అనంతపురం వాడికి కెపాసిటర్ అర్థం కావడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. అది చెరువు. పైనుంచి కరెంటు ఒకసారి వరదలా, ఒకసారి వట్టిగా వస్తుంటే, పట్టి ఉంచి, కింద ప్రాసెసర్‌కి ఒక్క తీరుగా వదులుతుంది. విజయనగరం కాలంలో బుక్కరాయసముద్రం చెరువు తవ్వించినవాళ్ళు చేసింది కూడా ఆ పనే. ఈ చెరువులోనూ తడి ఉంటుంది, ఎలక్ట్రోలైట్ అంటారు. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళ మోటు లెక్క. ఎన్ని ఎండాకాలాలు కంబళి కింద ఉడికిందో, తడి ఇంకిపోయింది. మిగిలిన కాస్త తడి చలిలో మరీ మందకొడిగా ఉంటుంది, అందుకే పొద్దుటి పూట మొరాయింపు. చెరువు ఎండిపోయి ఆయకట్టుకు నీళ్ళందకపోతే మేం ముమ్మారు చేసిందేమిటి? రైతుకు కొత్త పాసుపుస్తకం ఇచ్చాం.

పాతూరులో ఒక ముసలి రేడియో మెకానిక్ ఉన్నాడు. టేపురికార్డర్లు పోయాక మిక్సీలు చూస్తున్నాడు. బోర్డును వెలుతురుకు పట్టి, "ఎండిపోయినాయప్పా, పాపం" అన్నాడు, మేకపిల్లను గురించి అన్నట్టు. 105 డిగ్రీలని రాసి ఉన్నవే కావాలని ఏరి ఏరి తీశాడు. ప్లస్సు మైనస్సు రెండుసార్లు సరిచూసుకుని ఆరూ మార్చాడు. ఆరు కెపాసిటర్ల ఖరీదు రెండు ప్లేట్ల ఉగ్గాని బజ్జీ అంత. చేతికూలి 200 తీసుకోమంటే 150 చాలన్నాడు. ఫార్మాట్ కొట్టమంటారా అని మాత్రం అడగలేదు, ఆ మాట ఆయనకు రాదు.

ఆగుళ్ళు లేకుండా మూడు నెలలు గడిచాయి. మొన్న సప్తగిరి సర్కిల్లో ఆ ఫార్మాట్ అబ్బాయి కనిపించాడు. పాత కెపాసిటర్ ఒకటి జేబులోనే ఉంది, ఇలాంటి రోజు కోసమే పెట్టుకుని తిరుగుతున్నాను. తీసి అతని చేతిలో పెట్టి, ఉబ్బిన తల చూపించి, కథంతా చెప్పాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో ఆ పొక్కు గీకి, నా వైపు జాలిగా చూశాడు.

"చూసినారా సార్, వైరస్ ఎంత లోపలికి పోయిందో!"